ఆ ఫోను చేసింది నేనే

"మా రాణికి ముందు నోరు లేస్తుంది, బుద్ధి వెనకాల నడిచొస్తుంది" అని కరుణకుమారి వచ్చినవాళ్లందరితోనూ అనేది. అందులో అబద్ధమేమీ లేదు. ఎస్తర్ రాణి రావికమతంలో పదో తరగతి పాసై, ఇంటర్ చదవడానికి నర్సీపట్నం వచ్చి పిన్ని కరుణకుమారి ఇంట్లో దిగింది. అప్పటికి పదహారేళ్లది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ఎవరితోనో తగువుకి బయల్దేరినట్టు ఉండేది.

కరుణకుమారి భర్త పోయాక, విధవరాళ్లకిచ్చే కోటాలో తిరగ్గా తిరగ్గా బస్ కాంప్లెక్స్ దగ్గర ఒక ఎస్టీడీ బూత్ సంపాదించుకుంది. పసుప్పచ్చ బోర్డు, ఒక మనిషి పట్టే అద్దాల గది, ఎర్రంకెలు పరుగెత్తే మీటరు. ఆమె బతుకంతా ఆ గదే. మధ్యాహ్నం పిన్ని భోజనానికి వెళ్లినప్పుడు ఆ కుర్చీలో రాణి కూర్చునేది. పొద్దున్న కాలేజీకి ముందు మాత్రం ఒక గంట టైపు నేర్చుకోవడానికి వెళ్లేది.

టైపు నేర్పే దేవుళ్లు మాస్టారి ఇన్‌స్టిట్యూట్ లోవరాజు జిరాక్స్ షాపు మీద మేడలో ఉండేది. తొమ్మిది మెషీన్లు. మాస్టారికి ఫోను లేదు. ఎవరైనా ఆయనతో మాట్లాడాలంటే కింద షాపుకి చేస్తే, లోవరాజు మెట్ల దగ్గర నిలబడి కేకేసేవాడు. ఆయన మంచి మాస్టారే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు లోయరు, హయ్యరు పరీక్షలు తప్పడం అరుదు. కానీ నాలిక మీద దయ లేదు. తప్పు కొట్టిన కాయితం నలుగురికీ చదివి వినిపించందే ఆయనకి తృప్తి ఉండేది కాదు.

1998 ఫిబ్రవరిలో ఒక సోమవారం రాణి కాయితం ఆయన చేతిలో పడింది. పది నిమిషాల స్పీడ్ టెస్టులో పందొమ్మిది తప్పులు. ఒక్కొక్క తప్పూ పైకి చదివాడు. వెనక వరసలో మగపిల్లలు ఇకిలిస్తున్నారు. అన్నీ అయ్యాక ఆమె వేళ్లు చూపించి, "ఈ ఏళ్లు టైపుకి పనికిరావమ్మా. పిడకలు సరచడానికయితే దివ్యంగా పనికొస్తాయి" అని కాయితం రెండు ముక్కలు చేసి ఆమె చేతిలోనే పెట్టాడు.

రాణి ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేది. ఆ రోజు కాలేజీలో ఒక్క పాఠమూ చెవికెక్కలేదు. మధ్యాహ్నం ఆ రెండు ముక్కలూ పట్టుకునే బూత్‌లో కూర్చుంది. అప్పుడు మణి వచ్చింది. మణి కాలేజీలో ఆమె పక్క బెంచీది, హాస్టల్లో ఉండి చదువుకునేది. సొంతూరు కోటవురట్ల పక్కన. దేవుళ్లు మాస్టారిదీ అదే ఊరు.

"ఆడికి ఎవులైనా ఒకసారి బుద్ధి సెప్పాలే" అంది రాణి.

"ఆయనకి బుద్ధి సెప్పేవోడు ఇంకా పుట్టలేదు. సొంత తమ్ముడు కొండబాబుతోటే ఏడాదై మాటల్లేవు. సెరకు తోట గట్టు కాడ తగువు" అంది మణి, జీళ్లు నములుతూ.

ఆ పేరు చెవిన పడగానే రాణి చెయ్యి ఫోను మీదికి వెళ్లింది. ఆ పని చెయ్యాలని ముందుగా అనుకోలేదు. ఇది ఆమె తర్వాత ఎన్నిసార్లు చెప్పినా నిజమే. జేబురుమాలు రిసీవరుకి చుట్టి, గొంతు బరువు చేసి, లోవరాజు షాపు నంబరు నొక్కింది.

"హలో, కోటవురట్ల నుంచండి. టైపు మాస్టారికి బేగి సెప్పండి. ఆళ్ల తమ్ముడు కొండబాబు లారీ కింద పడిపోనాడు. ఉన్న పళంగా రమ్మనండి."

పెట్టేసింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. మాటల్లేని తమ్ముడి కోసం ఆయన కదలనే కదలడని మణి అంది. కదిలితే బాగుంటుందని రాణి అనుకుంది. కోటవురట్ల దాకా పోయి, వెర్రిమొహం వేసుకుని తిరిగి రావాలి. పొద్దున్న తనకి జరిగిన దానికి అది సరిపోతుంది. అంతే.

మాస్టారు చెప్పులు కూడా వేసుకోలేదట. మోపెడ్ తీసి, "మా కొండడు, మా కొండడు" అనుకుంటూ పోయాడట. ఊరు దాటి నాలుగు మైళ్లు కూడా పోలేదు. మలుపులో చెరకు ట్రాక్టరు ఎదురొచ్చింది. బండి జారింది. మనిషి గట్టు వైపు పడ్డాడు గానీ కుడిచెయ్యి రోడ్డు మీద పడింది. ట్రాక్టరు తొట్టి చక్రం దాని మీంచి పోయింది. విశాఖ తీసుకెళ్లారు. మూడు వేళ్లు తీసేశారు.

ఈ సంగతి బూత్‌కి ఫోను చేసుకోవడానికి వచ్చిన ఒకాయన చెబుతుంటే, రాణి మీటరు మీద అంకెలు చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు కాలేజీ వెనక కుళాయి దగ్గర మణి ఆమె చెయ్యి పట్టుకుని, "ఒలే, మా నాన్నకి తెలిసిందంటే సదువు మానిపించి ఇంట్లో కూకోబెడతాడు. నోరిప్పనని బైబిలు మీద ఒట్టెయ్యి" అంది. మణి పేరు చెప్పనని రాణి ఒట్టు వేసింది. అప్పుడు కూడా ఆమెకి కోపమే వచ్చింది. మణి మీద కోపం, ట్రాక్టరు వాడి మీద కోపం, పిడకల మాట అన్న మాస్టారి మీద ఇంకా పోని కోపం. ఆ కోపం ఉన్నందుకు తన మీద తనకే కోపం.

వారం తిరిగేసరికి కథ ఇంకో దారి పట్టింది. తమ్ముడు కొండబాబు నిక్షేపంగా ఇంట్లోనే ఉన్నాడు. మరి ఆ ఫోను ఎవరిది? ఆడగొంతని లోవరాజు చెప్పాడు. కోటవురట్ల నుంచని కూడా చెప్పాడు. మాస్టారు మంచం మీద పడుకునే లెక్క తేల్చేశాడు. అది కొండబాబు పెళ్లాం తలుపులమ్మే. అన్న వస్తాడో రాడో చూద్దామని మొగుడూ పెళ్లాలు పరాచికాలాడారు. చూడ్డానికి ఆసుపత్రికి వచ్చిన తమ్ముణ్ని, "సచ్చేవనుకుని పరిగెత్తేనురా. నిజంగా సచ్చినా ఇంక రాను" అని వెనక్కి పంపేశాడు. ఊళ్లో తలుపులమ్మ నీళ్లకి వెళ్తే, "ఫోను సేత్తావేటే?" అని అడిగేవాళ్లట. ఆదివారం ఇంటికి వెళ్లొచ్చినప్పుడల్లా మణి ఈ కబుర్లు మోసుకొచ్చేది. చెప్పి, "మనకెందుకులే" అనేది.

నెల్లాళ్లు ఓర్చి, రాణి పిన్నికి చెప్పేసింది. కరుణకుమారి బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"ఎవరి బూత్‌లోంచి సేసేవు?"

"మన బూత్‌లోంచే."

"అయితే మూసుకో. ఈ బూత్ కోసం నేనెన్ని గుమ్మాలెక్కేనో నీకు తెలీదు. దొంగ ఫోన్లు సేయించిందని ఒక్క కాయితం పైకెళ్లిందంటే కట్టేసి పోతారు. ఆయనకి ఏళ్లు మొలుస్తాయా నువ్వు సెప్తే?"

"తలుపులమ్మని అంటన్నారు పిన్నీ."

"అనుకోనీ. ఆవిడికి మొగుడున్నాడు."

రాణి చేట చప్పుడు వింటూ నిలబడింది.

ఆ ఈస్టరుకి చర్చిలో యూత్ మీటింగు పెట్టారు. సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి అన్నారు. రాణి లేచింది. "నేను ఒక పాపం చేశాను. నా వల్ల ఒక మనిషికి..." అనేసరికి ముందు వరసల్లోంచి "స్తోత్రం!" అని కేక. వెనక నుంచి "హల్లెలూయా!" డోలక్ మీద దెబ్బ పడింది. పాస్టరుగారు కళ్లనీళ్లు పెట్టుకుని ఆమె తల మీద చెయ్యి వేసి, "పశ్చాత్తాపపడ్డావు, ప్రభువు క్షమించేశాడమ్మా, కూర్చో" అన్నారు. ఏం చేసిందో ఆయన అడగలేదు. "అది కాదండీ అయ్యగారూ, నన్ను చెప్పనివ్వండి" అంటూంటే పాట మొదలైపోయింది. ఆడవాళ్లు వచ్చి కౌగలించుకున్నారు. ఇంటికి వస్తూ రాణి దారి పొడుగునా కంకర్రాళ్లు తన్నుకుంటూ నడిచింది. చెప్పుకుందామన్నా వినే చెవి లేదు ఈ ఊళ్లో, అనుకుంది.

ఇంక తనకి తోచింది ఒక్కటే. మాస్టారు ఇన్‌స్టిట్యూట్ మళ్లీ తెరిచిన రోజున వెళ్లి నిలబడింది. చెప్పడానికే వెళ్లింది. మాస్టారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో రిబ్బను ఎక్కించబోతున్నాడు. అది మాటిమాటికీ జారిపోతోంది. చెప్పాల్సింది చెప్పకుండానే వెళ్లి రిబ్బను ఎక్కించింది. మర్నాడు వచ్చి మెషీన్లన్నీ తుడిచి నూనె వేసింది. ఆ తర్వాత రోజూ వచ్చింది, ఆయనకి కాఫీ కూడా తనే కలిపి ఇచ్చేది.

అలా మూడేళ్లు. ఆయన నోటితో చెప్పేవాడు, ఆమె చేత్తో కొట్టి పిల్లలకి చూపించేది. లోయరు పాసైంది, హయ్యరు ఫస్టు క్లాసులో పాసైంది. ఇంటరై, ప్రైవేటుగా డిగ్రీ కట్టింది. మాస్టారి నాలిక కూడా మెత్తబడింది. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులకి ఆమెను చూపించి, "సొంత తమ్ముడూ మరదలూ నా సెయ్యి తీసేరు. ఎక్కడి పిల్లో, కులం కాదు మతం కాదు, ఇది నాకు కుడిసెయ్యయింది" అనేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా రాణి లేచి మెట్లు దిగిపోయేది. సిగ్గుపడుతోందని ఆయన నవ్వేవాడు.

ఎన్నిసార్లో మొదలుపెట్టింది. "సార్, ఆ రోజు ఫోను..." అనగానే ఆయన మొహం ఎర్రబడేది. "ఆళ్ల ఊసు నా దగ్గిర తేకమ్మా" అని గదిలోకి పోయేవాడు. ఒకసారి ఉత్తరం టైపు చేసింది. ఒక్క తప్పు కూడా లేదు. చింపేసింది. ఇంకోసారి మణిని అడిగింది. టీచరు ట్రైనింగుకి సీటొచ్చిన సంతోషంలో ఉంది మణి. "ఇప్పుడా! నీకేమైనా పిచ్చేటే?" అని హాస్టలు గేటు లోపలికి వెళ్లిపోయింది.

2001 వేసవిలో, పదకొండు గంటలప్పుడు, తలుపులమ్మ మేడ మెట్లెక్కి వచ్చింది. రాణి ఆమెను దగ్గరగా చూడడం అదే మొదలు. నల్లగా, బక్కగా, నుదుట పెద్ద బొట్టు. చేతిలో పసుపు రాసిన శుభలేఖ. కూతురి పెళ్లి. గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడింది. పిల్లల వేళ్లు మెషీన్ల మీద ఆగిపోయాయి.

"బావగారూ, గుంట పెళ్లండి. పెదనాన్న నేకుండా పీటల మీద కూకోనంటంది. మామీద కోపముంటే మామీద సూపించండి. దానికి అచ్చింతలెయ్యండి."

మాస్టారు లేచాడు. కుడిచెయ్యి ముందుకి చాపాడు. బొటనవేలూ చిటికెనవేలూ తప్ప ఏమీ లేని చెయ్యి.

"దీంతో ఎయ్యమంటావా అచ్చింతలు? నీ గొంతే గదా దీన్ని తీసింది. దిగు."

"నానేటి సేసేను బాబూ! ఫోను ఎలాగ పట్టుకోవాలో కూడా నాకు తెల్దు. ఎన్నేళ్లు సెప్పాలి నాను?"

"దిగు!"

తలుపులమ్మ వంగి చెప్పుల కోసం వెతుకుతోంది. కళ్లనిండా నీళ్లేమో, చెప్పులు ఎదురుగా ఉన్నా కాలికి దొరకడం లేదు.

"ఆ ఫోను చేసింది నేనే సార్" అంది రాణి.

మాస్టారు వినలేదనుకుని మళ్లీ, గట్టిగా అంది. "తలుపులమ్మ గారు కాదు. నేను. మా పిన్ని బూత్‌లోంచి. మీరు పిడకల మాటన్న రోజు."

మాస్టారి మొహం మెత్తబడిపోయింది. "సూసేవా" అన్నాడు తలుపులమ్మతో. "మా ఇద్దర్నీ కలపాలని ఈ పిల్ల ఏకంగా తన మీదే ఏసుకుంటంది. అమ్మా రాణీ, నీ మంచితనం నాకు తెలుసు. ఈ తగువులో నువ్వు దూరకు."

రాణికి అరవాలనిపించింది. అరిచింది కూడా. "మంచితనం కాదు సార్! నేనే చేశాను! ఎందుకు నమ్మరు? మూడేళ్ల నుంచీ చెబుదామంటే ఒక్కరూ వినరేం!"

"ఒద్దమ్మా, ఊరుకో."

ఆమె చర్రున మెట్లు దిగింది. కింద షాపులో లోవరాజుతో, "ఫోనొస్తే మీరే ఎత్తండి. మాస్టారూ ఆవిడా మీ పక్కనుండాలి. పిలవండి" అని చెప్పి, ఎండలో బస్ కాంప్లెక్స్ దాకా పరుగెత్తింది. బూత్‌లో పిన్ని ఉంది.

"ఎక్కడికే ఫోను?"

జవాబు చెప్పకుండా నంబరు నొక్కింది. జేబురుమాలు రిసీవరుకి చుట్టడం చూడగానే కరుణకుమారికి అర్థమైపోయింది. లేచి చెయ్యి పట్టుకుంది. రాణి ఆ చెయ్యి విదిలించుకుని అద్దాల తలుపు లోపల గడియ పెట్టింది.

"హలో, కోటవురట్ల నుంచండి. టైపు మాస్టారికి బేగి సెప్పండి..."

అక్కడ లోవరాజు రిసీవరు చెవికి పెట్టుకుని కొయ్యబారిపోయాడట. ఆ మాటలు అతను మూడేళ్లలో ఎంతమందికో చెప్పి ఉంటాడు. పెట్టేశాక తల తిప్పకుండానే, "ఇదే గొంతు మాస్టారూ. ఇదే" అన్నాడట. తలుపులమ్మ జిరాక్స్ మెషీను పక్కన చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, పెద్దగా ఏడ్చిందట.

రాణి తిరిగి వెళ్లేసరికి తలుపులమ్మ లేదు. మాస్టారు మేడ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పిల్లల్ని పంపేశాడు. రాణి గుమ్మంలో నిలబడింది. తిడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"ఆ రోజు నిన్ను అన్నాను గదా, ఏళ్ల సంగతి" అన్నాడు ఆయన. "ఆ మాట నాకు గుర్తే లేదు. ఇప్పుడు నువ్వు సెప్తే గానీ గుర్తురాలేదు."

"సార్..."

"నీకు తోడు ఎవులున్నారు? మా తమ్ముడి పేరు నీకెవులు సెప్పేరు?"

"ఎవరూ లేరండి."

అబద్ధమని ఆయనకి తెలిసిందేమో, తెలియలేదేమో. "తాళాలు అక్కడెట్టి ఎల్లు. రేపట్నించి రాకు" అన్నాడు.

"తిట్టండి సార్. ఏదో ఒకటనండి."

"ఏటనాలి? మూడేళ్లు నీ సేతి కాఫీ తాగేను. ఎల్లమ్మా."

అంతకంటే ఒక్క మాట రాలేదు. పోలీసుల దగ్గరికీ పోలేదు, బూత్ మీద కాయితమూ పెట్టలేదు. ఆయన పెట్టకపోయినా ఊళ్లో మాట ఆగుతుందా! దొంగ ఫోన్ల బూత్ అని కాలేజీ కుర్రాళ్లు పేరు పెట్టారు. కరుణకుమారి రాణితో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. డిగ్రీ పరీక్షలయ్యాక రాణి పెట్టె సర్దుకుని రావికమతం వెళ్లిపోయింది. ఆ తర్వాత రెండేళ్లకి చేతుల్లోకి సెల్‌ఫోన్లొచ్చి, బూత్ దానంతటదే మూతపడింది. దానికీ కారణం నువ్వేనన్నట్టుగానే పిన్ని ఉత్తరం రాసింది.

మాస్టారు పెళ్లికి వెళ్లాడని మణి చెప్పింది. అక్షింతలు ఎడంచేత్తో వేస్తే ఎవరూ ఏమీ అనలేదట. రాణి ఇన్‌స్టిట్యూట్‌కి మళ్లీ ఒకసారి వెళ్లింది. ఆయన ఆమెను చూసి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. పండక్కి కార్డు పంపింది. అది తిరిగి వచ్చింది. టైపు రోజులు కూడా అయిపోవచ్చాయి. కంప్యూటర్లొచ్చాక మెషీన్లు పాత ఇనుముకి పోయాయని ఎవరో అన్నారు.

రాణికి ఆ టైపే అన్నం పెట్టింది. రావికమతం మండలాఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరింది. 2005 వానల్లో, ఒక మధ్యాహ్నం కిటికీ ముందు వరసలో తలుపులమ్మ కనిపించింది. కూతుర్ని ఇచ్చింది ఆ పక్క ఊరికే. అత్తవారి రేషను కార్డులో కూతురి పేరు ఎక్కించడానికి మూడోసారి తిరుగుతోంది. కాయితం లోపలికి అందించి, మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నువ్వా" అంది.

"రండి అత్తా, కూర్చోండి" అంది రాణి. ఆమె వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెట్టగానే కరెంటు పోయింది. వరసలో వాళ్లు విసుక్కుంటూ వరండాలోకి వెళ్లారు. తలుపులమ్మ బెంచీ మీద కూర్చుంది. వాన రేకుల మీద మోతగా పడుతోంది.

"మాస్టారు ఎలా ఉన్నారు?"

"ఉన్నాడు. అన్నదమ్ములిద్దరికీ మాటలున్నాయి. మునపట్లాగ కాదు. ఆ గట్టు తగువు మాత్తరం అలాగే ఉంది." కొంగుతో మొహం మీద వాన తుడుచుకుంది. "నీ పేరు ఎత్తడు. ఎవులెత్తినా లేసి ఎల్లిపోతాడు."

రాణి కీబోర్డు మీద దుమ్ము వేలితో తుడుస్తోంది.

"నువ్వు సెప్పేవు గాబట్టి నాను నలుగుర్లోకీ తలెత్తుకుని ఎల్తన్నాను. అది నాకు ఇస్వాసమే" అంది తలుపులమ్మ. "గానీ గుంటా, మూడేళ్లు. మూడేళ్లు నూతి కాడ నన్ను ఏటేటన్నారో నువ్వు ఇన్నేదు. నువ్వు పక్కనే ఉండి ఆయనకి కాఫీలిచ్చేవు. అది తలుసుకుంటే ఇప్పుడు కూడా నిన్ను జుట్టట్టుకుని ఈడ్సాలనిపిస్తాది."

"ఈడవండి అత్తా."

"ఏటి నాభం! ఈ కార్డు పని సూడు. సీకటడిపోతే బస్సుండదు నాకు."

కరెంటు గంటన్నరకి గానీ రాలేదు. వచ్చాక రాణి మళ్లీ మొదటి నుంచీ అంతా కొట్టింది. కాయితం చేతికిస్తే, తలుపులమ్మ దాన్ని వెనకనున్న చదువుకున్న కుర్రాడి చేత చదివించుకుంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. "మళ్లీ కొట్టు" అని వెనక్కి ఇచ్చింది. రాణి ఏమీ అనకుండా తీసుకుని మళ్లీ కొట్టింది.